పదిమంది పిల్లల నియమము - పాఠము చెప్పు యంత్రము

1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై అల్పసంఖ్యాక భాషలవారి పిల్లల విషయమున నొక నియమమును చేసిరి. ఒక తరగతిలో 10 మందికాని, బడి మొత్తమున 40 మందికాని ఆ భాష మాతృభాషగా గలవారున్నచో, ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెననుట దాని సారము. 1956లో రాజ్యాంగమునకు చేసిన 7వ సవరణ 350-ఏ అధికరణమును చేర్చి, ప్రాథమికదశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పినది. ఎల్లలకు ఆవల నిలిచిపోయిన మనవంటి వారికి ఈ రెండును ఆధారములు. హోసూరు ప్రాంతపు బడిలో తెలుగు చెప్పు నేను ప్రతి జూనులోను మొదట లెక్కించునది పుస్తకములను కాదు, పిల్లల తలలను. 9 మందియే చేరిన సంవత్సరమున కలుగు బెంగ ఆ పనిలో నున్నవారికే తెలియును.

ఇపుడు కృత్రిమ మేధతో పాఠము చెప్పు సాఫ్ట్‌వేరు బడులలోనికి వచ్చుచున్నది. ఇది పిల్లవాని జవాబులనుబట్టి వాని స్థాయిని కనుగొని, తగిన తరువాతి ప్రశ్నను తానే ఎంచి యిచ్చును. దానికి 10 మంది అక్కరలేదు, ఒక్కడు చాలును. ఇది మనకు వరమా, లేక ఉపాధ్యాయుని స్థానమును ఖాళీగా నుంచుటకు దొరకిన సాకా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు మన దేశమున బోధనయంత్రముల గతమును కొంత తడవి చూడవలసియున్నది.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము సాయమున, 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ పాఠములు ప్రసారమైనవి. సైట్ అను పేర ప్రసిద్ధమైన ప్రయోగమిది. ఉదయమున గంటన్నర కాలము బడిపిల్లలది. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడములకు తలా 22½ నిమిషములు. మన భాషకు చోటు దొరకినదని సంతోషింపవచ్చును. అయితే ఏ గ్రామమునకు ఏ భాష యనుటకు రాష్ట్రమే కొలబద్ద యైనది కాని, ఇంటి మాట కాదు. ఆ యేటనే వేలకొలది ప్రాథమికోపాధ్యాయులకు అదే టెలివిజన్ ద్వారా విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ నొసగిరి. గడువు తీరగానే ఉపగ్రహము వెడలిపోయెను, పిల్లల పాఠములు నిలిచిపోయెను. ఉపాధ్యాయులు నేర్చినది మాత్రము వారితోనే బడులలో నిలిచెను. నా దృష్టిలో ఆ ప్రయోగమున దక్కిన ఫలము అదియే.

1984లో క్లాస్ అను పథకము క్రింద మొదట 250 పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చెను. యంత్రములు ఇంగ్లండువి. వాని విషయమై హోసూరు తెలుగు బడి చెప్పదగినదేమియు లేదు.

అసలు పరీక్ష 2015లో ఢిల్లీలో జరిగినది. మైండ్‌స్పార్క్ అను సాఫ్ట్‌వేరును 619 మంది పిల్లల విషయమున మురళీధరన్, సింగ్, గనిమియన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి, 2019లో ఫలితములను ప్రకటించిరి. వారు మొదట కనుగొన్న సంగతియే మనసును కలచును: 6వ తరగతి పిల్లలు గణితమున సుమారు రెండున్నర తరగతులు వెనుకబడి యుండిరి. గురువు 6వ తరగతి పాఠము చెప్పుచుండ, వినువాడు 3వ తరగతి గుమ్మము దాటలేదన్నమాట. నాలుగున్నర మాసములలో, ఈ శిక్షణకు ఎంపికైనవారు కానివారికంటె గణితమున 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనముల మేర ముందునకు పోయిరి. ఇది చిన్న లాభము కాదు. యంత్రమన్నంతనే ముఖము త్రిప్పుకొను నావంటి పండితులు ఈ అంకెలను ఒకమారు నిదానముగా చూడవలెను. అయితే ఇందొక సంగతి తరచు మరుగున పడుచున్నది. అచ్చట 90 నిమిషముల కాలములో 45 నిమిషములే సాఫ్ట్‌వేరువి. తక్కిన 45 నిమిషములు 12 నుండి 15 మంది పిల్లలకొక సహాయకుడు దగ్గరనుండి నేర్పెను. మరియు ఆ భాష హిందీ; ఢిల్లీలో హిందీ ఒకరి దయపై బ్రతుకు భాష కాదు.

మన సంగతి వేరు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచిరి. అందలి పాఠములు ఆ రాష్ట్రపు పాఠ్యక్రమమున కనుగుణమైనవి. మా పిల్లలు చదువునది తమిళనాడు పాఠ్యక్రమము. భాష ఒకటే యైనను పుస్తకము వేరు. పైగా 2006 నాటి చట్టమువలన తమిళము మా పిల్లలకు తప్పనిసరి. తెలుగున వివరించుచు తమిళమును నేర్పు సాఫ్ట్‌వేరును ఎవరైన రచించినచో, దానిని మొదట చేతబట్టువాడను నేనే.

గత సంవత్సరము ఫోనులో ఒక పఠనసాధనమును తెరచి, 3వ తరగతి బాలికచే కథ చదివించితిని. తెరపై ‘వచ్చాడు’ అని యున్నది. ఆమె చూచి, గ్రహించి, ఇంట పలుకు తీరున ‘వచ్చినాడు’ అన్నది. యంత్రము తప్పని గుర్తించి మరల చదువుమన్నది. మూడుమారులు ఆమె అట్లే అన్నది. నాలుగవమారు నోరు విప్పలేదు. అక్షరములను కూడబలుకుకొను పిల్లకు ఆ మాట రాదు. భావము తెలిసిన పిల్లయే దానిని తన మాటలోనికి మార్చుకొనును. ఉపాధ్యాయుడు సంతోషింపవలసిన చోట యంత్రము తప్పు పట్టినది. (‘వచ్చినాడు’ మన పెద్దల పుస్తకములలోని రూపమే యని దానికెవరు చెప్పవలె!) తాను విన్న గొంతుకలనుండియే అది భాషను నేర్చును. హోసూరు, బరంపురము, షోలాపురముల పిల్లల గొంతుకలు దాని చెవిని తగినంతగా పడలేదు కాబోలు.

కనుక మన సంఘములు రెండు పనులు చేయవలసియున్నవి. మన పిల్లల చదువును, మాటను తల్లిదండ్రుల సమ్మతితో రికార్డు చేసి, తెలుగు సాఫ్ట్‌వేరును నిర్మించువారికి అందజేయుట ఒకటి. బడికి యంత్రము వచ్చినను 10 మంది నియమము క్రింద రావలసిన ఉపాధ్యాయుని స్థానము తగ్గరాదని అధికారులకు వ్రాతమూలకముగా విన్నవించుట రెండవది. రెండవదానికి ఆలస్యము పనికిరాదు. సాధనములు వచ్చిన పిదప లెక్కలు మార్చుట సులభము.

ఈ జూనులో మా 1వ తరగతిలో చేరినవారు 11 మంది. ఆ బాలిక ఇపుడు 4వ తరగతిలో నున్నది. పుస్తకము చూచియే చదువుచున్నది, ‘వచ్చినాడు’ అనియే అనుచున్నది.