విధి, నిర్బంధం, అదృష్టం: గ్రీకు మతంలో మూడు రూపాలు

1780వ దశకంలో నెల్లూరు సమీపాన పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వి చూడగా చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక కుండ, అందులో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. రైతు వాటిని పాత బంగారంగా అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోగా ముప్పైకి పైగా మిగిలాయి. అవి క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన ట్రాజన్, హేడ్రియన్ వంటి చక్రవర్తుల కాలం నాటివి.

ఆ రైతు సంగతి వింటే మనం 'కలిసొచ్చింది' అంటాం. ఆయుష్షు విషయంలో 'రాసిపెట్టి ఉంది' అంటాం. తీరానికి తుఫాను వస్తే 'తప్పదు' అంటాం. పరీక్ష జవాబుల్లో మాత్రం ఈ మూడింటినీ 'విధి' అనే ఒక్క మాటలో కలిపేస్తాం. గ్రీకులు వీటిని వేర్వేరు దేవతలుగా భావించారు.

మొదటివారు మొయిరాలు. 'మొయిరా' అంటే వంతు. హెసియోడ్ వీరి పేర్లు ముగ్గురుగా చెప్పాడు: నూలు వడికే క్లోతో, వంతు పంచే లకేసిస్, మరలించలేని అట్రోపోస్. రెండవది అనాంకే, అంటే నిర్బంధం. కొరింత్ కోటకొండపై ఈమెకూ, బలానికి దేవత అయిన బియాకూ కలిపి ఒక ఆలయం ఉండేదనీ, అందులోకి ప్రవేశించే ఆచారం లేదనీ 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. వేడుకున్నా వినని దేవత గుడిలోకి వెళ్లి ఫలమేమిటి? మూడవది టైకీ, అదృష్ట దేవత. రోమన్లు ఈమెను తమ ఫోర్చ్యూనాతో పోల్చారు. ట్రాజన్, హేడ్రియన్ వేయించిన కొన్ని రకాల నాణేలపై ఫోర్చ్యూనా చేతిలో చుక్కాని కనిపిస్తుంది.

అయితే గ్రీకులు విధికి తలవంచి ఊరుకున్నారనుకోవడం పొరపాటు. క్రీ.పూ. 480లో సలామిస్ యుద్ధం తరువాత ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లిస్ ఆండ్రోస్ ద్వీపవాసులను సొమ్ము అడిగాడు. తమ వెంట 'ఒప్పించడం', 'నిర్బంధం' అనే ఇద్దరు గొప్ప దేవతలు ఉన్నారన్నాడు. తమ దీవిని 'పేదరికం', 'నిస్సహాయత' అనే ఇద్దరు దేవతలు విడిచిపోవడం లేదని చెప్పి ద్వీపవాసులు సొమ్ము నిరాకరించారు. హెరోడోటస్ చెప్పిన ఈ ఉదంతంలో 'నిర్బంధం' అనే దేవత వెనుక ఉన్నది ఏథెన్స్ నౌకాబలమే.

1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన తుఫానుకూ ఇదే విచక్షణ అవసరం. గాలి ఆగదు, అది అనాంకే. హెచ్చరిక సకాలంలో అందడం, గట్టి ఇల్లు ఉండడం మనుషుల చేతిలోనివి. రెండింటినీ విధి ఖాతాలో వేస్తే చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న మిగలదు.

ఆలోచించండి: మీ ఊరిలో 'విధి' అని చెప్పుకునే ఒక సంఘటనను తీసుకుని, అందులో తప్పనిది ఏదో, మనుషులు చేసినది ఏదో వేరు చేసి రాయండి.