మేకకన్నులు, మంత్రికన్నులు

ఇలవేల్పుతోపాటు కథలను గూడ వెంటగొనిపోవుట తెలుగువాని స్వభావము. ఉక్కు కర్మాగారమును నమ్మి వచ్చి జంషెడ్‌పూరులోని బిష్టుపూరులో రామమందిరము కట్టుకొన్న మనవారికి సైతము విజయనగర మంత్రి అప్పాజీ (తిమ్మరుసు) పేరు క్రొత్తది కాదు. ఇటలీలో మాకియవెల్లి రాజనీతిని గ్రంథస్థము చేయుచున్న 1513 నాటికి ఆ నీతి విజయనగర రాజధాని హంపీలో అనుష్ఠానమున నుండెను.

విజయనగర ప్రభువు వీరనరసింహరాయలు అవసానకాలమున, ఎనిమిదేండ్ల తన కుమారునకు రాజ్యము దక్కవలెనని, తమ్ముడైన కృష్ణరాయల కన్నులు పెఱికి తెమ్మని యాజ్ఞాపింపగా, తిమ్మరుసు మేకకన్నులు చూపి రోగిని నమ్మించెనని పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. వర్తకునకు కథారుచి హెచ్చు; కొంత తగ్గించియే చదువుకొనవలెను. 1524లో రాయలు ఆరేండ్ల కొడుకు తిరుమలరాయలకు పట్టము గట్టి, తాను మంత్రిపదవి వహించి, తిమ్మరుసును ఆలోచనకర్తగా నుంచెనట. ఉత్సవములు సాగుచుండగనే బాలుడు రోగగ్రస్తుడై మరణింపగా, తిమ్మరుసు కొడుకు విషము పెట్టెనను వదంతి పుట్టి, నాడు రాయల కన్నులు కాపాడిన వృద్ధుని కన్నులే పోయినవి. విచారణ కంటె వదంతియే బలీయమైనట్లు తోచును.

కృష్ణరాయల తరువాత రాజైన తమ్ముడు అచ్యుతరాయల అనంతరము, అతని బావమఱది సలకము తిరుమలుడు అచ్యుతుని కొడుకు, బాలరాజైన వేంకటుని చంపించెను; ఆ తిరుమలుని కృష్ణరాయల అల్లుడు అళియ రామరాయలు తుదముట్టించి, 1543లో సదాశివరాయలను గద్దెపై నుంచి, అధికారమంతయు తన చేత నుంచుకొని, క్రమముగా రాజును బందీగా మార్చి, ఏటికొక్కమారు ప్రజలకు చూపించుచుండెనట. 1565లో తళ్ళికోట యుద్ధమున రామరాయల తల తెగినప్పుడు, అతని తమ్ముడు తిరుమలరాయలు ధనరాసులతోపాటు ఆ బందీరాజును గూడ పెనుగొండకు తరలించెను.