ప్రసార దినమే రచన: విజయవాడ ఆకాశవాణి, రేడియో నాటిక, ఒక అభ్యంతరం

మొవ్వ, కూచిపూడి చుట్టుపక్కల ఊళ్ళలో డెబ్బై దాటిన శ్రోతలను కలిసి, మీకు బాగా గుర్తున్న రేడియో నాటిక ఒకటి చెప్పండని అడుగుతూ తిరిగాను. ఎవరూ నాటికతో మొదలుపెట్టలేదు. ఒక పెద్దావిడ, "ఉండు బాబూ, మొదట్నుంచీ వస్తాను" అని సంకేత సంగీతం దగ్గర అందుకుంది. వందేమాతరం, మంగళధ్వని, భక్తిరంజని, వార్తలు, మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం, సాయంత్రం పొలం కబుర్లు వరసగా దాటుకుంటూ రాత్రి నాటిక దాకా రాబోయింది. మధ్యలో నేనేదో అడిగేసరికి తడబడి, పద్యం మరచిపోయినవాళ్ళు మొదటి పాదం నుంచి ఎత్తుకున్నట్టు మళ్ళీ భక్తిరంజనికి వెళ్ళింది. ఆమె జ్ఞాపకంలో నాటిక విడిగా లేదు. ఉన్నది రోజు.

ఈ సంగతి ఒక సదస్సులో చెప్పినప్పుడు, రేడియో నాటికపై చాలాకాలంగా పనిచేస్తున్న పెద్దలొకరు దాన్ని ముసలివాళ్ళ చాదస్తంగా తీసిపారేశారు. రంగస్థల ఏకాంకికను చెవికి సరిపడేలా కుదిస్తే వచ్చింది రేడియో నాటిక అని ఆయన వాదం. దానికి ముందేమి వచ్చింది, వెనకేమి వచ్చింది అన్నది ఆఫీసు వ్యవహారం, సాహిత్య చరిత్రకు పనికిరాదు అన్నారు. ఆయనొక్కరి మాటే అయితే ఊరుకునేవాణ్ణి. రేడియో సాహిత్యమంటే నాటిక ఒక అధ్యాయం, ప్రసంగం ఒక అధ్యాయం, లలిత సంగీతం మరొకటి అని గదులు కట్టే పద్ధతి మన విశ్వవిద్యాలయాల్లో పాతుకుపోయింది. ఆ గోడలు శ్రోత కట్టినవి కావు. ఆకాశవాణిలో పనిచేసినవాళ్ళు కట్టినవీ కావు.

ముందుగా ఆ కుదింపు వాదాన్ని హార్మోనియం దగ్గర పరీక్షిద్దాం. తెలుగు పద్యనాటకానికి హార్మోనియం పక్కవాద్యం మాత్రమే కాదు, వెన్నెముక. నటుడు శ్రుతి అందుకునేది దాని మీద. రాగం సాగదీస్తే నిలబెట్టేది అది. వన్స్‌మోర్ పడితే మళ్ళీ ఎత్తిపెట్టేదీ అదే. ఆ హార్మోనియాన్ని ఆకాశవాణి 1940 మార్చి నుంచి నిషేధించింది. స్వరాల మధ్య జారే గమకం దాని మెట్లకు అందదని ఒక కారణం, అది పరాయి వాద్యమని మరొకటి. నిషేధం సడలింది 1971లో. విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. అంటే ఆ కేంద్రం నాటకాలు రూపుదిద్దుకున్న తొలి ఇరవై రెండేళ్ళూ స్టూడియోలో హార్మోనియం లేదు. బెజవాడలో, తెనాలిలో రాత్రంతా పద్యాలకు చప్పట్లు మోగుతున్న కాలంలోనే, అదే పద్యం రేడియోలో తంబురా శ్రుతికి, వయొలిన్ నీడకు ఒదగవలసి వచ్చింది. ఒదిగేసరికి రాగాలాపన తగ్గింది, మాట ముందుకు వచ్చింది. దీన్ని కుదింపు అనడానికి నాకు మనసొప్పదు. వెన్నెముక తీసేశాక మిగిలింది అదే శరీరం ఎలా అవుతుంది?

హార్మోనియం ఖాళీ చేసిన చోటును నింపింది ఎవరన్నది నాకు ఇంకా ముఖ్యం. నిలయ విద్వాంసులు. ఉదయం కచేరీకి పక్కవాద్యం వాయించిన చేతులే రాత్రి నాటికలో విషాద ఘట్టానికి తీగ మీటాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ విజయవాడలో భక్తిరంజనికి రూపం ఇచ్చారు. శ్రీరంగం గోపాలరత్నం గొంతును శ్రోతలు తెల్లవారుజామున భక్తిగీతంలోనూ విన్నారు, సంగీత రూపకంలోనూ విన్నారు. వోలేటి వెంకటేశ్వర్లు సంగీత శిక్షణలో కీర్తన నేర్పుతుంటే పుస్తకం, పెన్సిలు పట్టుకు కూర్చున్న ఇళ్ళున్నాయి. ఆ రాగం నాటికలో రెండు క్షణాలు వినపడితే చాలు, ఆ ఇంటికి సందర్భం అర్థమైపోయేది. అలాంటి శ్రోతను ఏ రంగస్థలమూ తయారుచేసి ఇవ్వలేదు. ఉదయపు ప్రసారం తయారుచేసి సాయంత్రపు ప్రసారానికి అప్పగించింది.

ఇక నిడివి. పదిహేను నిమిషాలు, అరగంట, గంట అనే కొలతలు నాటక లక్షణ గ్రంథాల్లోంచి రాలేదు. ఢిల్లీ వార్తలకు రిలే కలపవలసిన క్షణం వచ్చిందంటే స్టూడియోలో నాయిక ప్రాణం పోతున్నా సరే ముగించాలి. బుచ్చిబాబు, జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి వంటివారు ఆకాశవాణి ఉద్యోగులు కూడా. వాళ్ళు రాసేటప్పుడు గోడమీద గడియారం కళ్ళెదుటే ఉంది. వార్త ముక్తసరిగా ఉంటుంది. దాని పక్కన నిలబడే సంభాషణ పొడుగ్గా ఉంటే చెవి ఓర్చుకోదు. నా ఉద్దేశంలో నాటికలో మాట పొట్టిబడింది వార్తల పొరుగువల్లనే. ఆ పొట్టిదనమే తర్వాత తెలుగు కథానికలోకి, అక్కడినుంచి మన పత్రికల వాక్యంలోకి పాకింది.

నటనను చూసినా ఇంతే. స్త్రీ పాత్రల్లో చీర కుచ్చెళ్ళతో, జడ విసురుతో జనాన్ని సమ్మోహితుల్ని చేసిన స్థానం నరసింహారావు హైదరాబాదు కేంద్రంలో పనిచేశారు. ఆ చీర రేడియోలో కనిపించదు. చిలకమర్తివారి 'గణపతి' అంటే శ్రోతలకు మొదట గుర్తొచ్చేది నండూరి సుబ్బారావు గొంతు. ఆ గొంతులోని పల్లెటూరి విరుపు, రోజూ సాయంత్రం గ్రామస్థుల కార్యక్రమంలో వినపడే యాసకు చుట్టం. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ రామాయణ, భారతాలు చెబుతుంటే అది ప్రసంగమా, పురాణమా, ఏకపాత్రాభినయమా అని తేల్చి చెప్పగలవారు ముందుకు రావాలి. పైన చెప్పిన గదుల్లో ఏ గదిలో పెట్టినా ఆయన కాళ్ళు బయటికే ఉంటాయి.

కేస్కర్ కేంద్ర సమాచార, ప్రసార మంత్రిగా ఉన్న 1950లలో ఆకాశవాణిలో సినిమా పాట తగ్గేసరికి రేడియో సిలోనుకు ముల్లు తిప్పినవాళ్ళున్నారు, నిజమే. వార్తల వేళకు వాళ్ళూ తిరిగొచ్చారు. ఆ కాలంలోనే బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి చేతుల్లో లలిత సంగీతం నిలదొక్కుకుంది. దాన్ని సినిమా పాటకు బదులుగా వచ్చిన సరుకు అనేవారితోనూ నాకు పేచీ ఉంది. ప్రసంగం ముగిసి నాటిక మొదలయ్యేలోగా మనసును ఒక చోటినుంచి మరో చోటికి తీసుకుపోయే పని లలితగీతానిది. 1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చిన వేళ నెహ్రూ ప్రసంగాన్ని విన్న శ్రోతలకు మద్రాసు కేంద్రం టంగుటూరి సూర్యకుమారి గొంతులో రజని గీతాన్ని వినిపించింది. ఢిల్లీ మాట తెలుగు గుండెలో దిగడానికి ఆ పాట మెట్టు అయింది. అతుకు అనుకుని మనం వదిలేసిన చోటే అసలు నేత ఉంది. తెలుగువాళ్ళు ఒకే భాషా సమాజంగా తమను తాము వినుకున్నది ఆ నేతలోనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రేడియో నాటికల సంపుటాలు అచ్చువేసేవారికి ఒక విన్నపం. ప్రసారమైన తేదీ, వేళ, ముందువెనకల కార్యక్రమాలు వేయండి. టేపుల మీద మళ్ళీ మళ్ళీ రికార్డు చేయడంతో చాలా నాటకాలు మాసిపోయాయి. మిగిలిన ఆధారం ఆకాశవాణి 'వాణి' పత్రిక. దాని పాత సంచికలు గ్రంథాలయాల్లో ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. ఆ పెద్దావిడకు నాటిక పేరు చివరిదాకా గుర్తు రాలేదు, రచయిత పేరూ అంతే. అంతకు ముందు వీణ వచ్చిందని, తర్వాత వార్తలు రాకముందే తమ ఇంట్లో దీపం తగ్గించారని మాత్రం చెప్పింది. వీణ, నాటిక, వార్తలు అనే ఆ వరసను పట్టుకుని 'వాణి' పుటలు తిప్పాను. మూడో సంచికలో దొరికింది.