ఒంగోలు జాతిని పెంచిన ఇండ్లు

ఖరగ్‌పూరు రైల్వే కర్మాగారమున పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెక్కు సేద్యపుటిండ్లనుండి వచ్చినవే. పొలమును, పశువుల కొట్టమును విడిచి, కర్మాగారపు కూత ననుసరించి పోయివచ్చు కొలువులో వారు కుదురుకొనిరి. ఆ కొలువునకు వారమున కొకనాడైనను సెలవు కలదు. పశువులున్న ఇంటికి అదియు లేదు. అట్టి ఇండ్ల చాకిరి యేమి సాధింపగలదో ఒంగోలు జాతి చరిత్ర చెప్పును.

గుండ్లకమ్మ, పాలేరు, మూసి యేళ్ల నడుమనున్న మెట్టసీమ ఈ జాతికి పుట్టిల్లు. అచ్చటి బరువైన నల్లరేగడిని దున్నుటకు బలమైన ఎడ్లు కావలసెను. వానిని పెంచినవారు ఆ యూళ్ల రైతులే. తెల్లవారకముందే లేచి పేడ తీయవలెను. గాడిలో జొన్నచొప్ప వేయవలెను. ఉలవలు ఉడికించి, తవుడు కలిపిన కుడితి పెట్టవలెను. ఈ పనిలో సగమునకు మించి ఇల్లాలిదే. చరిత్ర వ్రాసినవారు ఆమెను తలచిన దరుదు. దూడ మూతి పెట్టనిదే ఆవు చేపదు. కోడెదూడ పుట్టినచో ఇంటివారు తమ పాలు తగ్గించుకొని దానికే విడుచుచుండిరి. ఈనిననాటి రాత్రి మాయ పడువరకు నిద్ర లేదు. కరవు వచ్చి వాములు తరిగినపుడు అమ్ముకొనుటయా, అప్పుచేసి మేపుటయా అను చింత యొకటి. ప్రతిఫలము లేకపోలేదు: ఇంట పాడి, చేనికి ఎరువు, కోడెల జతకు మంచి వెల.

చనిపోయిన పెద్దల పేర మంచి కోడెను ఆంబోతుగా విడుచు ఆచార మొకటి యుండెను. అది ఎవరి చేలో మేసినను అదలింపరు. ఊరి ఆవులన్నిటికి అదియే విత్తనము. భక్తిగా జరిగిన ఈ ఎన్నికయే జాతిని దిద్దెనని చెప్పవచ్చును.

1904లో గుంటూరు జిల్లా యేర్పడువరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. అందుచేతనే బ్రెజిలు దేశమున ఈ జాతికి ‘నెలోర్’ అని పేరు నిలిచెను. 1868లో బహియా రేవున దిగిన జంటతో అచ్చట దీని కథ మొదలైనదందురు. 1960 తరువాత కొలది యేండ్లలోనే ‘కరవది’ యను మన యూరి పేరుతోనే ఒక ఆబోతు అచ్చటికి చేరి గొప్ప వంశకర్త యయ్యెను. ఇక్కడ నాగలి లాగిన జాతి అక్కడ మాంసమునకై పెరుగుచున్నది; విధి వైపరీత్యమే. 2023లో ‘వియాటినా-19’ అను నెలోర్ ఆవునందు మూడవవంతు హక్కు అమ్ముడుపోగా, ఆ లెక్కన దాని పూర్తి వెల నలువది లక్షల డాలర్లు దాటెను. ఆ సొమ్ములో పుట్టినింటి కొట్టములకు చేరినది లేదు.

గుంటూరు చెంత లాం క్షేత్రమున ప్రభుత్వము ఈ జాతిని పోషించుచున్నది. పల్లెలలో మాత్రము ట్రాక్టరు వచ్చిన పిదప కొట్టములు పలుచబడినవి. మిగిలిన ఇండ్లలో పెక్కింట గిత్తలు ఉలవలు తినుచున్నది దుక్కికి కాదు, బండలాగుడు పందెములకు.