ఐన్‌స్టీన్ పొట్టలో పగిలిన రక్తనాళం: మగ హార్మోన్‌దేనా తప్పు?

మాది చింతలపూడి. మామిడి తోటలో మోటారు పైపు పాతబడితే ఒకచోట బుడగలా ఉబ్బుతుంది, చూశారా? నీళ్ళు వస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఓ రోజు ఠప్పున పగులుతుంది.

మన ఒంట్లోనూ అలాంటి పైపు ఉంది. గుండె నుంచి పొట్టలోకి దిగే బృహద్ధమని. పొట్ట దగ్గర దాని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. 3 దాటితే ఎన్యూరిజం అంటారు. ఐన్‌స్టీన్‌కి వచ్చింది ఇదే. 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆ ఉబ్బుకి సెలోఫేన్ చుట్టారు. అవును, ప్యాకింగ్ కాగితమే! ఆరేళ్ళకు పైగా ఆగింది. 1955 ఏప్రిల్ 18న ఆ జబ్బుతోనే ఆయన పోయారు.

ఈ జబ్బు మగవాళ్ళలో నాలుగైదు రెట్లు ఎక్కువ. ఎందుకు? 2004లో అమెరికాలోని కెంటకీ యూనివర్సిటీ వాళ్ళు ఎలుకల మీద చూశారు. మగ ఎలుకలకి వృషణాలు తీసేస్తే ఎన్యూరిజం బాగా తగ్గింది. ఆడ ఎలుకలకి అండాశయాలు తీసినా పెరగలేదు. అంటే దొంగ టెస్టోస్టెరానే అనుకున్నారు.

అక్కడే కథ తిరిగింది. 2010లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 70 దాటిన మగవాళ్ళని పరీక్షిస్తే, టెస్టోస్టెరాన్ తక్కువ ఉన్నవాళ్ళలోనే ఈ జబ్బు ఎక్కువ కనిపించింది! 2017లో మళ్ళీ కెంటకీ వాళ్ళే, అండాశయాలు ఉండి మగ క్రోమోజోములు ఉన్న ఎలుకల్ని తయారుచేశారు. వాటికి జబ్బు తీవ్రంగా వచ్చింది. అంటే హార్మోన్ ఒక్కటే కాదు, క్రోమోజోముల పాత్రా ఉంది. అందుకే జిమ్‌లో ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ పొడిపించుకోకండి బ్రో. ఎక్కువైతే ఏమవుతుందో, తక్కువైతే ఏమవుతుందో సైంటిస్టులే ఇంకా తేల్చలేదు.

ఇప్పుడు అసలు విషయం. "మగాళ్ళ జబ్బు" అనే పేరు పడటంతో నష్టపోయింది ఆడవాళ్ళు. 1999లో బ్రిటన్ పరిశోధన ఏం చెప్పిందంటే, ఉబ్బు వచ్చాక అది పగిలే ప్రమాదం ఆడవాళ్ళకే మూడు రెట్లు. అందుకే మగవాళ్ళకి 5.5 సెంటీమీటర్ల దగ్గర ఆపరేషన్ ఆలోచిస్తే, ఆడవాళ్ళకి 5 దగ్గరే ఆలోచిస్తారు. అయినా ఇంగ్లండ్‌లో 65 ఏళ్ళకి స్కాన్‌కి పిలిచేది మగవాళ్ళనే.

క్రోమోజోముల్ని మనం మార్చలేం. మార్చగలిగింది పొగ. మన పక్కనే జంగారెడ్డిగూడెంలో వేలం వేసే పొగాకు ఉందే, ఈ జబ్బుకి అన్నిటికన్నా పెద్ద కారణం అదే. ఇంట్లో చుట్టో సిగరెట్టో కాల్చిన తాతయ్య ఉంటే, పొట్ట స్కాన్ గురించి ఈసారి డాక్టర్‌ని అడగండి. నొప్పి ఉండదు, సూది ఉండదు. కాల్చే అలవాటున్న మామ్మని కూడా మర్చిపోకండి.