లైబీరియా ముంగిస

ముంగిస యనగానే తెలుగువారికి పాము జ్ఞాపకము వచ్చును. పసిబిడ్డను పాము బారినుండి కాపాడియు, ఇంటివారి తొందరపాటుచే ప్రాణములు కోల్పోయిన ముంగిస కథ మనలో వినని వారరుదు. ఆ ముంగిసకు దూరపు చుట్టమొకటి ఆఫ్రికా ఖండపు పశ్చిమభాగమున, లైబీరియా అడవులలో నున్నది. అది పాములతో పోరాడి పేరు తెచ్చుకొన్నది కాదు. దాని ముఖ్యాహారము వానపాము. శాస్త్రగ్రంథములలో దానికి చోటు లభించినది 1958లో మాత్రమే. అంతవరకు అది ఎవరి కంటికి మరుగై యున్నది? ఈ ప్రశ్నయే నేటి మా ప్రసంగమునకు మూలము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దాస్యమునుండి విముక్తులైనవారును, మునుపే స్వేచ్ఛ పొందియున్న నల్లజాతివారును సముద్రము దాటి వచ్చి, లైబీరియా తీరమున స్థిరపడి, 1847లో గణతంత్రమును ప్రకటించిరి. తీరప్రాంతము చరిత్రకెక్కినది. లోనాడు మాత్రము చాలకాలము దట్టమైన అరణ్యముగానే నిలిచినది. అనాదిగా అచ్చట నివసించు జాతులవారికే దాని లోతులు తెలియును. ఏ జంతువు ఏ వేళ తిరుగునో, ఏ వాగు ఒడ్డున మేత వెదకునో అక్కడి వేటగాండ్రకు కంఠస్థము. కాని ఆ విద్య తండ్రినుండి కొడుకునకు సంక్రమించినదే గాని, కాగితమున కెక్కలేదు.

1950 దశాబ్దిలో హాన్స్ యూర్గ్ కూన్ అను జర్మను జంతుశాస్త్రజ్ఞుడు లైబీరియాలోని క్షీరదములను పరిశీలింప బూనెను. ఈశాన్యభాగమున స్థానికుల ద్వారా సేకరింపబడిన ఎనిమిది పుఱ్ఱెలు లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు చేరెను. అచ్చటి ఆర్. డబ్ల్యు. హేమన్ వానిని తక్కిన ముంగిసల పుఱ్ఱెలతో సరిపోల్చి చూచెను. పశ్చిమాఫ్రికాలో కుసిమాన్సు అను చిన్న ముంగిస కలదు. ఈ పుఱ్ఱెలకు దానితో పోలిక యున్నను, ముట్టె మఱింత పొడవు. దవడలలో నమలు పండ్లు ఒక్కొక్కటి అధికము. అయినను పండ్లు తలకు తగినంత బలమైనవి కావు. ఇది క్రొత్త జాతి యగుటయే గాక, క్రొత్త ప్రజాతియే యని హేమన్ నిర్ణయించి, 1958లో దానికి లైబీరియిక్టిస్ కూని అని నామకరణము చేసెను. మొదటి మాటలో దేశము పేరున్నది. రెండవ మాటలో కూన్ పేరున్నది. పుఱ్ఱెలనందించిన వేటగాండ్ర పేర్లు అందులో లేవు. శాస్త్రమునందలి నామకరణ సంప్రదాయమే అట్టిది.

నామకరణమైనది గాని, ఆ జంతువు ఎట్లుండునో శాస్త్రజ్ఞులు కన్నులార చూడలేదు. తోలు లేదు, దేహము లేదు, ఉన్నవి పుఱ్ఱెలే. పూర్తి దేహములను గూర్చిన వర్ణనము 1974లో గాని ప్రకటితము కాలేదు. అప్పటికి తెలిసిన రూపమిది: దేహము సుమారు 42 సెంటీమీటర్లు, తోక సుమారు 20 సెంటీమీటర్లు, బరువు రెండు కిలోలకు కొంచెము మించును. మేను ముదురు గోధుమవన్నె. మెడ ప్రక్కన నల్లని చార, దానికిరువైపుల లేతచారలు. కాలిగోళ్లు పొడవైనవి. మన ఊరి ముంగిస తఱచుగా ఒంటరిగా కనబడును. ఇది చిన్న చిన్న గుంపులుగా తిరుగుచు, వాగులప్రక్కనున్న తడినేలను గోళ్లతో త్రవ్వి, పొడవైన ముట్టెను దూర్చి వానపాములను, పురుగుల పిల్లలను ఏరుకొని తినును. మెత్తని ఆహారమునకు బలమైన పండ్లతో పనియేమి? హేమనును ఆశ్చర్యపఱచిన పుఱ్ఱె మర్మము ఈ మేతలోనే యున్నది. ఈ అలవాట్లను గూర్చిన సమాచారములో అధికభాగము వేటగాండ్రను ప్రశ్నించి తెలిసికొన్నదే.

1989లో ఒక ముంగిస సజీవముగా పట్టుబడి, కెనడాలోని టొరొంటో జంతుప్రదర్శనశాలకు చేరెను. ఇక అడవిలోనే దాని జీవితమును నిదానముగా పరిశీలింపవచ్చునను ఆశ పొడసూపినది. ఆ సంవత్సరమే డిసెంబరు 24వ తేదీన ఈశాన్య సరిహద్దున లైబీరియా అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. నడుమ కొంత విరామముతో అది 2003 వఱకు సాగినది. మనుష్యులకే ప్రాణరక్షణ లేని కాలమున ముంగిసను వెదకువారెవ్వరు? అడవికి పోవు పరిశోధకుల త్రోవలన్నియు మూతపడెను.

అయినను ఆ జాతి అంతరింపలేదు. పొరుగుననున్న ఐవరీ కోస్టు దేశపు తాయి జాతీయోద్యానములో దాని ఉనికి వెల్లడియైనది. ఆగ్నేయ లైబీరియాలో 1983లో స్థాపింపబడిన సాపో జాతీయోద్యానములో, చెట్లకు కట్టిన స్వయంచాలక కెమెరాలకు అది చిక్కిన సంగతి 2012లో ప్రకటితమైనది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దానిని ముప్పునకు లోనైన జాతులలో చేర్చినది. ముప్పునకు కారణములు ముఖ్యముగా రెండు: అడవులను నఱకి పొలములు చేయుట, మాంసముకొఱకు తుపాకులతోను ఉచ్చులతోను వేటాడుట.

ఇచ్చటనే చిక్కు కలదు. ముంగిస ఉనికిని ప్రపంచమునకు తెలిపినది వేటగాని చేయి. దాని ప్రాణమునకు ముప్పు తెచ్చుచున్నదియు ఆ చేయియే. ఆకలిగొన్న కుటుంబమునకు అడవి మాంసము విలాసము కాదని మనము మఱవరాదు. కావున వేటగానిని దోషిగా నిలిపి అడవి వాకిలి మూసివేసినంతమాత్రమున ముంగిస బ్రతుకదు. అతనికి వేఱొక జీవనోపాయము చూపి, అతని యెఱుకకు విలువనిచ్చి, అడవి కావలిలో అతనిని భాగస్వామిని చేయవలసియున్నది. 1958కి పూర్వము ఈ ముంగిస లోకమునకు తెలియదని మనము వ్రాసికొన్నాము. తెలిసినవారు అప్పుడును ఉండిరి. వారిని అడిగినవారే లేకపోయిరి.