బ్రేకు వైరు, రబ్బరు బుడ్డ, ముడుమాల్ రాళ్లు

ఇంట్లో పాత పెంటాక్స్ కె1000 కెమెరా ఉంటే షట్టర్ వేగాల చక్రం ఒకసారి తిప్పి చూడండి. 1000, 500, 250 అంటూ దిగి దిగి, చివరికి అంకె కాకుండా 'బి' అనే అక్షరం వస్తుంది. బి అంటే బల్బ్. కరెంటు బల్బు కాదు, ఫ్లాష్ బల్బూ కాదు. రిక్షా హారన్‌కు ఉండేలాంటి రబ్బరు బుడ్డ!

ఆ బుడ్డ కన్నా ముందు కటకం మూతే షట్టర్. మూత తీయడం, మనసులో లెక్కపెట్టడం, మళ్లీ మూయడం. ముడుమాల్ రాళ్లున్న నారాయణపేట ప్రాంతం నిజాం రాజ్యంలో ఉన్న ఆ రోజుల్లో ఆ రాజ్యాన్ని గాజు పలకల మీదికి ఎక్కించిన మనిషి లాలా దీన్ దయాళ్. మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో కొలువు చేస్తూ 1874లో కెమెరా పట్టాడు. 1880ల్లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషాకు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 1892లో హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో కూడా తెరిచాడు.

పలకలకు వెలుతురును పట్టే వేగం పెరిగేకొద్దీ చేత్తో మూత తీసే పద్ధతి చాలకపోయింది. అప్పుడు వచ్చింది రబ్బరు బుడ్డ. సన్నటి గొట్టం దాన్ని షట్టర్‌తో కలుపుతుంది. నొక్కితే గాలి వెళ్లి షట్టర్ తెరుచుకుంటుంది, నొక్కి పట్టినంతసేపూ తెరిచే ఉంటుంది, వదిలితే మూసుకుంటుంది. 'బి' దగ్గర కెమెరా నేటికీ చేసేది ఇదే.

రబ్బరుకు ఆయుష్షు తక్కువ. ఎండకు పగులుతుంది, గాలి కారుతుంది. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ అనే ఆయన చుట్టతీగ గొట్టంలో ఇంకో తీగను జరిపే ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నాడు. సైకిల్ బ్రేకు వైరు అదే. ఆ ఉపాయమే 20వ శతాబ్దం తొలి ఏళ్లలో 'కేబుల్ రిలీజ్' పేరుతో కెమెరాకూ ఎక్కింది. కాకపోతే బ్రేకులో తీగను లాగుతాం, కేబుల్ రిలీజ్‌లో నెడతాం.

వాడకంలో కష్టమేమీ లేదు, ఓపిక కావాలి. షట్టర్ మీట నడుమ చిన్న మరగుంట ఉంటుంది. కేబుల్ కొసను అందులో వేళ్లతో బిగిస్తే చాలు. తీగను బిర్రుగా పట్టుకోకూడదు, ఒక వంపు వదలాలి, లేకుంటే చేతి వణుకు నేరుగా కెమెరాకే చేరుతుంది. అవతలి కొసను బొటనవేలితో మెల్లగా నొక్కి, పక్కనున్న చిన్న మర తిప్పితే నొక్కు అలాగే నిలుస్తుంది. ఇక చేతులు కట్టుకుని నిలబడొచ్చు. నైకాన్ ఎఫ్ ఉన్నవారికి మాత్రం ఈ కేబుల్ నేరుగా కుదరదు, మీట చుట్టూ టోపీలా కూర్చునే రకం కావాలి.

ఈ సాధనానికి నారాయణపేట జిల్లాలో తగిన చోటు ముడుమాల్. కృష్ణ ఒడ్డున 10 నుంచి 14 అడుగుల నిలువురాళ్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఊరివాళ్లు నిలురాళ్ల తిమ్మప్ప అంటారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె.పి.రావు వీటిని ఏళ్ల తరబడి పరిశోధించారు. ఒక బండ మీది చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతాయని గుర్తించారు. యునెస్కో తాత్కాలిక జాబితాలో ఈ చోటు 2025లో చేరింది.

ఇక్కడ ధ్రువ నక్షత్రం ఉత్తర దిగంతం నుంచి 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంటే 14 అడుగుల రాయికి దక్షిణంగా ఓ 40 అడుగుల దూరంలో, ట్రైపాడ్‌ను రెండడుగుల ఎత్తున పెడితే ధ్రువం సరిగ్గా రాతి తల మీద కూర్చుంటుంది. ఏప్రిల్ రాత్రి తొలి జాములో సప్తర్షులు దానికి పైన ఉంటారు. చుక్కలు గంటకు 15 డిగ్రీలు తిరుగుతాయి కాబట్టి 20 నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచితే ఒక్కొక్కటి 5 డిగ్రీల విల్లు గీస్తుంది. ధ్రువం మాత్రం దాదాపు చుక్కగానే మిగులుతుంది. కె1000 లాంటి మెకానికల్ కెమెరాకు ఇంతసేపు తెరిచి ఉండటానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. ఈ ఒక్క పనిలో కొత్త కెమెరాల కన్నా అదే మేలు.

వెళ్తే అమావాస్యకు దగ్గరి రాత్రి చూసుకుని, పగలే ఊళ్లో చెప్పి వెళ్లండి. ఆ రాళ్లలో ఒకదాన్ని ఎల్లమ్మగా కొలుస్తారు. ట్రైపాడ్ కాస్త ఎడంగా పెట్టుకోండి.